గేమ్‌కు లాక్ పెట్టకుంట రిలీజ్ చేస్తే మునుగుతమా?

మెట్లబావి_స్టూడియో

మేం ముగ్గురం, హన్మకొండల ఒక రూమ్ తీస్కొని పీసీ గేమ్ చేస్తున్నం. కాకతీయుల కాలం మెట్లబావి లోపల నడిచే పజిల్. నీళ్ల మట్టం ఎక్కిచ్చుకుంట, దించుకుంట దారి తెరుసుకోవాలె. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంటయ్. ఆరేడు గంటల్ల ఆట అయిపోతది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపుల పెడ్తున్నం. లాక్, అంటే దొంగ కాపీలు ఆపే డీఆర్ఎం, లేకుంట అమ్మే స్టోర్లల్ల గూడ పెడ్దామని నా ఆలోచన.

లొల్లి ఏందంటే, పైసలు పెట్టిన మా దోస్తు ఒప్పుకుంటలేడు. "డీఆర్ఎం లేకుంట ఇడిస్తే సాయంత్రానికల్ల టెలిగ్రామ్ గ్రూపులల్ల తిరుగుతది, కష్టమంత ఫుకట్‌ల పాయె" అంటడు. లాక్ పెట్టినా పగలగొట్టేటోడు పగలగొడ్తడు, మధ్యల కొన్నోన్ని సతాయించుడు ఎందుకు అని నేనంట. రోజూ ఇదే పంచాయితి. తెలిసినోళ్లు చెప్పున్రి. ఉత్త మాటలు కాదు, లెక్కలుంటే లెక్కలు పెట్టున్రి, ఆయనకు సూపెడ్త.

చౌరస్తా_చిన్నోడు

గేమ్ పేరు చెప్పన్నా. గ్రూపుల ఎప్పుడు పడ్తదో సూస్కుంట కూసుంట.

మెట్లబావి_స్టూడియో

మా దోస్తు భయపడేది నీ అసొంటోని గురించే తమ్మీ.

కాజీపేట_లోకోషెడ్

మీ దోస్తు అన్నదాంట్ల తప్పేం లేదు. మనం ఎట్ల పెరిగినమో యాది చేస్కోన్రి. ఎన్కట సుబేదారి దిక్కు ఏ నెట్ సెంటర్‌కు పోయినా వైస్ సిటీ, ఐజీఐ, కౌంటర్ స్ట్రైక్. ఒక్కటన్న కొన్నదా? సీడీ షాపాయన కాడ ఒక రూళ్ల నోట్‌బుక్ ఉండేది, గేమ్‌ల పేర్లకు వరుసగ నంబర్లు ఏసి. నంబర్ చెప్తే లోపలికి పోయి రైట్ చేసి తెచ్చేటోడు. సీడీ మీద స్కెచ్ పెన్నుతోటి సీరియల్ కీ రాసిచ్చేది. ఇంటికొచ్చి టైప్ చేస్తే తీస్కోదు. ఆయన రాసింది సున్ననో, ఓ అక్షరమో ఎవనికి ఎరుక? సైకిల్ ఏస్కొని మల్ల పోవాలె. "రెండూ కొట్టి సూడు పో" అని తిట్టేటోడు.

అప్పటి పోరగాండ్లే ఇప్పుడు జీతాలు తీస్కుంటున్నరు. ఫుకట్‌ల దొరికేది ఉన్నంక జేబుల చెయ్యి పెట్టే అలవాటు మనోళ్లకు ఎక్కడి నుంచి వస్తది? లాక్ పెట్టున్రి. ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులు.

పిక్సెల్_పోరి

అలవాటు లేక కాదన్నా, కొనే దారి లేక. స్టీమ్‌ల రూపాయల రేట్లు వచ్చిందే 2015 నవంబర్ల. అంతకు ముందు అన్నీ డాలర్లే. ఇంటర్నేషనల్ కార్డు ఉండాలె, అది మా ఇంట్ల ఎవ్వరికి లేదు. ఇప్పుడు సేల్ వచ్చిందంటే ఫోన్ తీసి యూపీఐతోటి కట్టుడే. హాస్టల్ల మా బ్యాచ్ అమ్మాయిలు చానామంది గట్లనే కొన్నరు. క్రాక్ చేసిన, అంటే లాక్ పగలగొట్టిన, ఫోల్డర్ ఎవ్వరి కాడ సూడలె.

కాజీపేట_లోకోషెడ్

మీ హాస్టల్ వేరే దునియా అమ్మా.

పిక్సెల్_పోరి

మీ నెట్ సెంటర్ వేరే కాలం అన్నా.

ఖని_కోడర్

లెక్కలు అడిగిండు కదా, చెప్త. మీ సైజు గేమ్‌లయే చెప్త.

2008ల వరల్డ్ ఆఫ్ గూ వచ్చింది. ఇద్దరు మనుషుల కంపెనీ, డీఆర్ఎం పెట్టలె. స్కోర్లు దాచే సర్వర్‌కు వచ్చిన ఐపీ అడ్రసులు (నెట్ కనెక్షన్ నంబర్లు) ఒక దిక్కు, అమ్మిన కాపీలు ఇంకో దిక్కు పెట్టి సూస్తే 90 శాతం దొంగ కాపీలని తేలింది. ఒకే మనిషి రెండు మూడు ఐపీల నుంచి ఆడుతడు గదా అని జనం అడిగితే, మల్ల లెక్క జేసి 82 అన్నరు. ఇక్కడిదాక చదివితే మీ దోస్తు గెలిచినట్టే.

కానీ అదే టైంల రికోషే ఇన్ఫినిటీ అనే చిన్న గేమ్‌కు డీఆర్ఎం ఉండె. దాని కంపెనీ చెప్పిన లెక్క 92 శాతం. అంటే లాక్ ఉన్నదానికి లేనిదానికి పెద్ద ఫరక్ లేదు. ఇంకో మాట గూడ చెప్పిన్రు వాళ్లు. లాక్‌ల ఒక్కో బొక్క మూసినప్పుడల్ల అమ్మకాలు ఎంత పెరుగుతున్నయో సూస్కుంట పోతే, వెయ్యి దొంగ కాపీలు ఆపితే పెరిగిన అమ్మకం ఒక్కటంట. వెయ్యికి ఒకటి.

మీ దోస్తు లెక్కేసేది డౌన్‌లోడ్‌లు. నువ్వు లెక్కేయాల్సింది పోయిన కస్టమర్లను.

కరీంనగర్_లెక్కలు

ఖని తమ్మి చెప్పింది సగమే. అవి 2008 నాటి ముచ్చట్లు, పైగ ఒక్క కంపెనీ తన గేమ్ మీద వేసుకున్న అంచనా. 2024లో ఎంటర్‌టైన్‌మెంట్ కంప్యూటింగ్ అనే పరిశోధన పత్రికలో ఒక పేపర్ వచ్చింది. 2014 నుంచి 2022 దాకా స్టీమ్‌లో వచ్చిన, డెనువో అనే ఖరీదైన లాక్ ఉన్న 86 గేమ్‌లను తీసుకున్నరు. మొదటి వారంలనే క్రాక్ అయితే సగటున 20 శాతం ఆదాయం పోతున్నది. 12 వారాలు నిలబడి తర్వాత పగిలితే నష్టం దాదాపు సున్న.

కాబట్టి "లాక్ ఉత్తదే" అనుడు తప్పు. కొత్తగ వచ్చిన వారాలల్ల దానికి పని ఉన్నది. ఆ తర్వాత లేదు. అందుకే పెద్ద కంపెనీలు కొన్ని నెలలైనంక డెనువో తీసేస్తుంటయ్. గేమ్ కొన్నోళ్ల మీద ప్రేమతోటి కాదు.

కాజీపేట_లోకోషెడ్

అగో, 20 శాతం. నేను చెప్పింది గిదే గదా.

ఖని_కోడర్

ఆ 86 గేమ్‌లు ఎవరివన్నా? టీవీల యాడ్ ఇచ్చే కంపెనీలయి. రిలీజ్ రోజు కోసం జనం ముందే ఎదురు సూస్తుంటరు, క్రాక్ దొరుకుతే కొనుడు ఆపుతరు. మెట్లబావి అన్న గేమ్ రిలీజ్ అయితదని ఈ దారంల (థ్రెడ్‌ల) ఉన్నోళ్లకు తప్ప ఎవనికి ఎరుక? మొదటి వారంల దొంగతనం చెయ్యాలన్నా పేరు తెలిసి ఉండాలె గదా.

మెట్లబావి_స్టూడియో

మస్తు ఇజ్జత్ తీస్తున్నవ్ తమ్మీ. కానీ నిజమే.

డెనువో ధర ఎంతుంటదో ఎవరికన్న తెలుసా? మా దోస్తు "కొందాం" అనేదాక పోయిండు.

కరీంనగర్_లెక్కలు

ఒక కంపెనీ మీద హ్యాకర్లు పడ్డప్పుడు ఒప్పందం కాయితం బయటికి వచ్చింది. మొదటి ఏడాదికే లక్ష యూరోలకు పైన. దాని తర్వాత నెలనెలా కట్టుడు వేరే.

చౌరస్తా_చిన్నోడు

లక్ష యూరోలా? నక్కలగుట్టల బిల్డింగు కిరాయికి కాదు, కొనొచ్చేమో.

మెట్లబావి_స్టూడియో

మా దోస్తుకు సూపెట్టిన. "ఇంకేమన్న తక్కువల సూడు" అంటున్నడు.

ఖని_కోడర్

తక్కువల అంటే ఫుకట్‌దే ఉన్నది. స్టీమ్ వాళ్లదే ఒక డీఆర్ఎం పొర ఉంటది, గేమ్ ఫైల్ మీద చుట్టుడు. కానీ స్టీమ్ డాక్యుమెంటేషన్ల వాళ్లే రాసిన్రు, ఇది పైరసీని ఆపే ఉపాయం కాదు, పట్టుబట్టినోడు సుల్వగ తీసేస్తడని. తలుపుకు గొళ్లెం పెట్టినట్టు, కుక్క రాకుంట పనికొస్తది. ఈ పొర పెట్టుడు తప్పనిసరి గూడ కాదు. పెట్టకుంటే ఫోల్డర్ నుంచే డైరెక్టుగ నడుస్తది గేమ్. స్టీమ్‌ల అట్లాంటివి చానా ఉన్నయ్.

జగిత్యాల_జాయ్‌స్టిక్

ఎవ్వరు అటు దిక్కు చెప్తలేరు, కొన్నోని బాధ నేను చెప్త.

పోయిన ఎండకాలం పైసలు పెట్టి ఒక పెద్ద గేమ్ కొన్న. ఒక్కడే ఆడుకునేది, ఆన్‌లైన్ ముచ్చటే లేదు. కంపెనీ పేరు వద్దు. మా గల్లీల రోడ్డు తవ్వి ఫైబర్ వైరు తెంపిన్రు. నెట్ లేకుంట తెరుస్తే "సర్వర్‌ను చేరలేకపోతున్నాం, దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అని ఒక బూడిద రంగు డబ్బ. కింద ఒక్కటే బటన్, "సరే". సరే అంటే గేమ్ బంద్ అయితది. ఇంకేం అనే దారి లేదు. పొద్దంత గా డబ్బనే సూసిన. మా పక్కింటి పోరడు అదే గేమ్ క్రాక్‌ది తెచ్చుకొని నా కండ్ల ముంగట ఆడ్తున్నడు. నాకు సేవ్ ఫైల్ గూడ ఇస్త అన్నడు, దయగల్లోడు.

కొన్నోడు సూస్కుంట కూసునుడు, కొననోడు ఆడుకునుడు. మీ గేమ్ కొన్నోనికి ఈ గతి పట్టియ్యకున్రి.

రాతికోట

జాయ్‌స్టిక్ అన్నా, ఇది పాత రోగమే. 2010ల యూబీసాఫ్ట్ కంపెనీ అసాసిన్స్ క్రీడ్ 2 గేమ్‌కు ఎప్పుడూ నెట్ ఉండాలె అని పెట్టింది. మార్చిల సర్వర్లు పడిపోయినయ్, కొన్నోళ్లు ఆడలేకపోయిన్రు. 2013ల సిమ్‌సిటీ రిలీజ్ గూడ అంతే, కొన్నోళ్లంత సర్వర్‌ల జాగ కోసం లైన్ల నిలబడ్డరు. ఏడాది తర్వాత ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చిన్రు. అప్పటిదాక నెట్ లేకుంట ఆడరాదు. 2014ల వచ్చిన ద క్రూ అనే కార్ల గేమ్‌నైతే 2024 మార్చి 31నాడు సర్వర్ బంద్ పెట్టి, కొన్నోళ్ల చేతుల నుంచే గుంజుకున్నరు. దాని మీదనే యూరప్ల పెద్ద ఉద్యమం లేసింది, పది లక్షలకు పైన సంతకాలైనయ్.

కాజీపేట_లోకోషెడ్

ఎప్పుడూ నెట్ ఉండాలె అనే లాక్ వేరు, సీరియల్ కీ వేరు, డెనువో వేరు. అన్నిటిని ఒకే గంపల ఏసి తిడితే ఎట్ల? మెట్లబావి తమ్మిని సర్వర్ పెట్టమని ఎవ్వరు చెప్పలె. మొదటిసారి ఒక్కసారి నెట్‌ల చెక్ చేసుకొని తర్వాత వదిలేసే లాక్ పెడితే ఎవనికి కష్టం?

జగిత్యాల_జాయ్‌స్టిక్

స్పోర్ అనే గేమ్ సూడున్రి. 2008ది. అది గూడ "ఒక్కసారి చెక్" అసొంటిదే. మూడు కంప్యూటర్లల్ల యాక్టివేట్ చేసినంక బంద్. అమెజాన్‌ల వేలమంది ఒక్క స్టార్ ఇచ్చిన్రు. రిలీజ్ కాకముందే లీక్ అయింది, ఆ ఏడాది టొరెంట్లల్ల అందరికన్న ఎక్కువ దింపుకున్న గేమ్ గూడ అదే అయింది. లాక్ ఎవన్ని ఆపింది?

లాయర్‌సాబ్_హన్మకొండ

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రెండు ముక్కలు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బీ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. వ్యాపారానికి కాదు, సొంతానికే వాడాడని తేలితే కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. 2012 సవరణలో 65ఏ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో లాక్‌ను తప్పించడం కూడా నేరమే, 2 ఏళ్ల దాకా జైలు. లాక్ లేని గేమ్‌ను కాపీ చేసి పంచినా అది నేరమే. "లాక్ లేదు కదా, పంచుకోవచ్చు" అనే భ్రమ పెట్టుకోవద్దు.

చౌరస్తా_చిన్నోడు

సార్, మరి నెట్ సెంటర్ కాలం వాళ్ల మీద ఇప్పుడు కేసు పెట్టొచ్చా? కాజీపేట అన్న పైన అంతా రాసిచ్చిండు.

కాజీపేట_లోకోషెడ్

సైకిల్ గూడ జప్తు చేపియ్యి.

లాయర్‌సాబ్_హన్మకొండ

ఆయన తరఫున నేనే నిలబడతాను, ఫీజు ఫిల్టర్ కాఫీ. అసలు విషయం: మూడు వందల రూపాయల గేమ్ కోసం ఊరూ పేరూ లేని టెలిగ్రామ్ అడ్మిన్ మీద మీరు కేసు నడపరు. నోటీసు పంపితే లింకు తీసేస్తారు, రెండో రోజు ఇంకో లింకు వస్తుంది. చట్టం మీ వైపే ఉంది, కానీ దాన్ని వ్యాపార ప్రణాళికలో ఆదాయం కింద రాసుకోవద్దు.

రాతికోట

ఈ దారంల అసలు చెప్పాల్సిన కథ పోలండ్‌ది. మన కథకు మస్తు దగ్గర.

సీడీ ప్రాజెక్ట్ అని 1994ల వార్సాల ఇద్దరు దోస్తులు షురూ చేసిన కంపెనీ. అప్పట్ల అక్కడ సంతలల్ల బల్లల మీద దొంగ సీడీలు పెట్టి అమ్మేటోళ్లు. లోకోషెడ్ అన్న చెప్పిన నోట్‌బుక్ అక్కడ గూడ ఉండి ఉంటది. వీళ్లేమో బయట దేశాల అసలు గేమ్‌లు తెచ్చి అమ్మాలె. పక్క బల్ల మీద అదే గేమ్ చిల్లర పైసలకు దొరుకుతుంటే అసలుది ఎవడు కొంటడు?

1999ల బాల్డర్స్ గేట్ అనే గేమ్ తెచ్చినప్పుడు వీళ్లు లాక్ గురించి ఆలోచించలె. గేమ్ మొత్తం పోలిష్ భాషల డబ్బింగ్ చేపిచ్చిన్రు, అది గూడ అక్కడ పేరున్న నటులతోటి. పెద్ద డబ్బల మ్యాపు, రూల్స్ పుస్తకం, పాటల సీడీ పెట్టిన్రు. దొంగ సీడీ అమ్మేటోడు గేమ్ కాపీ కొట్టగలడు గానీ డబ్బ నిండ సామాను కొట్టలేడు. మొదటి రోజే 18,000 అమ్ముడుపోయినయ్. ఆ కాలానికి, ఆ దేశానికి అది చానా పెద్ద మాట.

వీళ్లే 2008ల లాక్ లేని గేమ్‌ల స్టోర్ జీఓజీ పెట్టిన్రు. వీళ్లే విచర్ అనే గేమ్ తీసిన్రు. 2011ల విచర్ 2 రెండు తీర్ల అమ్మిన్రు. జీఓజీల లాక్ లేకుంట, షాపులల్ల డబ్బ మీద సెక్యూరామ్ లాక్ తోటి. కంపెనీ పెద్దమనిషే చెప్పిండు, టొరెంట్లల్ల తిరిగింది లాక్ లేనిది కాదు, లాక్ పగలగొట్టిందేనని. క్రాక్ చేసేటోళ్లకు పగలగొట్టిన పేరు కావాలె. తెరిచి ఉన్నదాన్ని ఎత్తుకపోతే ఏం గొప్ప? కొన్ని రోజులకు కంపెనీ ఆ సెక్యూరామ్ గూడ అప్‌డేట్‌ల తీసేసింది.

విచర్ 3 2015ల వచ్చింది, జీఓజీల లాక్ లేకుంట. 2023 నాటికి 5 కోట్ల కాపీలు దాటింది.

మెట్లబావి అన్నా, మీ గేమ్ తెలుగుల ఉన్నది. తెలుగుల మంచిగ మాట్లాడే పీసీ గేమ్‌లు ఎన్ని ఉన్నయ్ మనకు? మీ డబ్బల మ్యాపు అదే.

కరీంనగర్_లెక్కలు

కథ బాగున్నది గానీ ఒక మెలిక. ఆ 5 కోట్లల్ల ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కాపీలు కలిసే ఉన్నయ్. వాటి మీద లాక్ కంపెనీ పెట్టకున్నా మిషనే పెడ్తది. స్టార్‌డ్యూ వ్యాలీ 4 కోట్లు దాటింది, అది గూడ డీఆర్ఎం లేకుంట దొరుకుతది అంటరు. కానీ దాంట్ల నింటెండో స్విచ్ మిషను కాపీలున్నయ్, ఫోన్లయి ఉన్నయ్. "లాక్ లేదు కాబట్టి అమ్ముడుపోయింది" అనే మాట వీటి నుంచి రాదు. "లాక్ లేకున్నా అమ్ముడుపోయింది" అనేదే వస్తది.

రాతికోట

ఒప్పుకుంట. కానీ మాకు ఆ రెండోది చాలు. 2023ల బాల్డర్స్ గేట్ 3 డెనువో లేకుంటనే వచ్చింది, మొదటి రోజే జీఓజీల గూడ పెట్టిన్రు. ఒక్క స్టీమ్‌లనే ఒకే టైంల 8.75 లక్షల మంది ఆడిన్రు. 2025 సెప్టెంబర్ 4నాడు సిల్క్‌సాంగ్ అనే గేమ్ జీఓజీల గూడ లాక్ లేకుంట వస్తే స్టోర్లే ఆగిపోయినయ్. ఫుకట్‌ల దొరికేదాన్ని కొనుటానికి స్టోర్లు ఆగేంత మంది వచ్చిన్రు సూడు.

కాజీపేట_లోకోషెడ్

పెద్ద పేర్లు చెప్పి చిన్నోన్ని బావిల దింపుతున్నరు. సిల్క్‌సాంగ్ కోసం జనం ఏండ్ల సంది కాసుకున్నరు. మీరే కదా పైన అన్నది, ఈ గేమ్ పేరు ఎవనికి తెలువదని? పేరు తెలువని గేమ్‌ను ఇష్టంతోటి ఎవడు కొంటడు? లాక్ వద్దంటే వేరే కారణం చెప్పున్రి.

పిక్సెల్_పోరి

కారణం ఇదే అన్నా, దాన్ని కొనేది తెలుగు గేమ్ అని మురిసిపోయేటోళ్లు. వాళ్లను దొంగలను సూసినట్టు సూసుడు ఎందుకు?

చౌరస్తా_చిన్నోడు

నిజం చెప్తున్న, కోపం చేయకున్రి. నేను ఇంటర్ చదువుతున్న. కొనలేని గేమ్‌లు రీప్యాక్ (లాక్ పగలగొట్టి చిన్నగ చుట్టిన దొంగ కాపీ) దింపుకుంట. పోయిన నెల ఒకటి దింపిన. "యాంటీవైరస్ బంద్ పెట్టు, క్రాక్ ఫోల్డర్ల ఉన్నది కాపీ చేసి గేమ్ ఫోల్డర్ల పేస్ట్ చేయి" అని రాసి ఉన్నది, చేసిన. గేమ్ నడిచింది. గేమ్ బంద్ పెట్టినంక గూడ ఫ్యాన్ మాత్రం విమానం లెక్క తిరుగుతనే ఉన్నది. టాస్క్ మేనేజర్ తెరిచిన సెకనే నెమ్మదిస్తది, మూస్తె మల్ల షురూ.

ఖని_కోడర్

క్రిప్టో కాయిన్లు చేసే దొంగ ప్రోగ్రాం, మైనర్, పడ్డది నీ లాప్‌టాప్‌ల. నీ కరెంటు బిల్లుతోటి ఎవడో కాయిన్లు చేస్కుంటున్నడు. టాస్క్ మేనేజర్ తెరిస్తే దాక్కుంటది, గట్లనే రాస్తరు దాన్ని. విండోస్ మొత్తం మల్ల ఎక్కియ్యి, పాస్‌వర్డులు ఫోన్ నుంచి మార్చు, ఆ లాప్‌టాప్ నుంచి మార్చకు.

చౌరస్తా_చిన్నోడు

నాయిన కరెంటు బిల్లు సూడకముందే చేస్త.

నిజామాబాద్_ఎన్‌పీసీ

దొంగలను ఆటపట్టించే లాక్ పెట్టున్రి. సీరియస్ సామ్ 3ల దొంగ కాపీ ఆడినోని ఎనుక ఒక గులాబీ రంగు తేలు పడ్తది, ఎంత కాల్చినా సావదు. బ్యాట్‌మ్యాన్ ఆర్ఖమ్ అసైలమ్‌ల కేప్ తెరుసుకోదు, పైకెల్లి కింద పడుడే. ఒకడు పోయి కంపెనీ ఫోరంల బగ్ ఉన్నదని కంప్లైంట్ పెట్టిండు. పట్టుబడ్డడు.

ఖని_కోడర్

దాంట్ల రాజు గేమ్ డెవ్ టైకూన్. 2013ల ఇద్దరు అన్నదమ్ములు చేసిన్రు, గేమ్ కంపెనీ నడిపే గేమ్. క్రాక్ కాపీని వాళ్లే టొరెంట్‌ల పెట్టిన్రు. ఆ కాపీల నీ కంపెనీ గేమ్‌లను అందరు పైరసీ చేస్తరు, దివాలా తీస్తది. మొదటి రోజు లెక్క: అసలు కొన్నోళ్లు 214, దొంగ కాపీ ఆడినోళ్లు 3,104. ఆ దొంగ కాపీ ఆడేటోడు ఒకడు ఫోరంల పోయి "ఈ గేమ్‌ల డీఆర్ఎం పరిశోధన ఎట్ల చెయ్యాలె, నా గేమ్‌లను ఎవ్వరు కొంటలేరు" అని అడిగిండు.

నిజామాబాద్_ఎన్‌పీసీ

మెట్లబావిల గూడ పెట్టున్రి. దొంగ కాపీ అయితే బావిల నీళ్లే రావు.

మెట్లబావి_స్టూడియో

మంచిగనే ఉంటది గానీ భయం ఉన్నది. మా చెకింగ్ కోడ్ల ఏదన్న తప్పు జరిగి, పైసలు పెట్టి కొన్నోనికి నీళ్లు రాకుంటె? ఆయన రిఫండ్ కొడ్తడు, "గేమ్ పనిచేయదు" అని రివ్యూ రాస్తడు. ముగ్గురం ఉన్నం, అన్ని కంప్యూటర్లల్ల టెస్ట్ చేసేంత మంది లేరు.

ఖని_కోడర్

అదే అసలు ఖర్చు. లాక్ కొన్న పైసలు కాదు. ఒక్కో చెకింగ్ ఒక్కో బగ్‌కు తలుపు తెరుస్తది. రైమ్ అనే గేమ్ వాళ్లు 2017ల డెనువో పెట్టి, పగిలితే తీసేస్తమని మాట ఇచ్చిన్రు. ఐదు రోజులల్ల పగిలింది, తీసేసిన్రు. రెజిడెంట్ ఈవిల్ విలేజ్ సంగతి సూడు, 2021ల. కొన్నోళ్ల కాపీ ఆగి ఆగి నడిచింది, క్రాక్ కాపీ సాఫీగ నడిచింది. తర్వాత కంపెనీ ప్యాచ్ ఇడిచింది.

ఇంకో దిక్కు హాట్‌లైన్ మయామి అనే గేమ్ చేసినాయనను సూడు. 2012ల తన గేమ్ దొంగ కాపీ దింపుకున్నోళ్లకు టొరెంట్ సైట్ కామెంట్లల్లనే ప్యాచ్ ఇచ్చి సాయం చేసిండు. డార్క్‌వుడ్ అనే గేమ్ వాళ్లైతే 2017ల వాళ్లే టొరెంట్ పెట్టిన్రు, పైసల్లేనోడు ఇది ఆడున్రి, దొంగ కీలు అమ్మే సైట్ల కాడ కొనకున్రని.

కాజీపేట_లోకోషెడ్

అంటే ఇప్పుడు మెట్లబావి తమ్మి తనే పోయి టెలిగ్రామ్‌ల పెట్టాల్నా? ఇట్లనే ఉంటది మీ సలహా.

కరీంనగర్_లెక్కలు

ఎవ్వరు అట్ల అనలె అన్నా. అవి పేరు రావడానికి ఒకసారి పనిచేసిన ఉపాయాలు, రెండో మనిషి చేస్తే వార్త గూడ కాదు.

యూరోపియన్ యూనియన్ వాళ్లది గూడ ఒక రిపోర్టు ఉన్నది. 3,60,000 యూరోలు పెట్టి చేపిచ్చిన్రు, 2015ల తయారైతే 2017 దాక బయట పెట్టలె, ఒక ఎంపీ అడిగితే వచ్చింది. పైరసీ వల్ల అమ్మకాలు తగ్గుతున్నయని గట్టి ఆధారం కొత్త పెద్ద సినిమాలకు తప్ప మిగతావాటికి దొరకలేదన్నరు. గేమ్‌లల్లనైతే దొంగగ ఆడేది ఎక్కువైన కాడ కొనుడు గూడ ఎక్కువే ఉన్నదని వచ్చింది. దీన్ని, 20 శాతం పేపర్‌ను పక్కపక్కన పెట్టి మీ దోస్తుకు ఇవ్వున్రి. రెండు వేరే వేరే పద్ధతులు, వేరే వేరే కాలాలు. ఆయననే తేల్చుకోనియ్యిన్రి.

సిరిసిల్ల_సేవ్‌పాయింట్

సినిమా అంటే యాదికొచ్చింది, ఐబొమ్మ బంద్ అయినంక మీ ఊళ్ల థియేటర్లు నిండినయా? మా కాడైతే టికెట్ ధర సూసి ఇంటికి పోయేటోడు ఇంకా ఇంటికే పోతున్నడు.

కాజీపేట_లోకోషెడ్

సినిమా లొల్లి ఇక్కడ వద్దు, దారం మొత్తం ఖరాబైతది.

సిరిసిల్ల_సేవ్‌పాయింట్

సరే, ధర సంగతే అడుగుత. ఎంత పెడ్తున్నరు?

మెట్లబావి_స్టూడియో

బయట దేశాలకు 10 డాలర్లు. ఇక్కడ మా దోస్తు 850 అంటడు, డాలర్ లెక్క కడ్తడు. నేను 350 అంట.

పిక్సెల్_పోరి

350. కళ్లు మూసుకొని. 850 అయితే నేను గూడ సేల్ దాక ఆగుత, మరి నేను కొనేటోళ్ల లెక్కల ఉన్న.

జగిత్యాల_జాయ్‌స్టిక్

350 పెట్టున్రి. దోస్తుకు చెప్పున్రి, స్టీమ్ 30 శాతం కోసుకున్నంక గూడ 240 చిల్లర మిగులుతది (పన్ను వేరే), టెలిగ్రామ్ నుంచి వచ్చేది సున్న.

ఖని_కోడర్

ఒక బావి మొత్తం డెమోల ఫుకట్‌గ ఇవ్వు. క్రాక్ దింపేటోళ్లల్ల కొంతమంది "నా లాప్‌టాప్‌ల నడుస్తదో లేదో" అని దింపుతరు, వాళ్లకు డెమో చాలు. డెమోల సేవ్ చేసిన ఆట అసలు గేమ్‌ల కొనసాగేటట్టు పెట్టు. అప్‌డేట్లు గడిగడికి ఇడువు. దొంగ కాపీ ఆడేటోడు పాత వెర్షన్ మీదనే ఉంటడు, మల్ల దింపాలంటే పరేషాన్. నాకు తెలిసి చిన్నోనికి ఉన్న లాక్ ఇదొక్కటే.

కాజీపేట_లోకోషెడ్

ఇది మాత్రం నేను గూడ ఒప్పుకుంట. లాక్ సంగతి ఒప్పుకోను. కానీ 350కి నేను కొంట, స్క్రీన్‌షాట్ ఇక్కడ పెడ్త, చౌరస్తా పోరడు మల్ల నోరు తెరువకుంట.

మెట్లబావి_స్టూడియో

రాత్రి మా దోస్తు ఈ దారం మొత్తం చదివిండు. డెనువో ధర కాడ ఆగి చాయ్ తాగిండు. అనుకున్నది ఇది: స్టీమ్‌ల ఆ పొర గూడ లేకుంట ఇడుస్తం, ధర ఇక్కడ 350, డెమోల మొదటి బావి. లాక్ లేని స్టోర్లల్ల మాత్రం మూడు నెలల తర్వాత పెడ్తం, అది ఆయన షరతు. స్టీమ్‌ల లాక్ లేనప్పుడు దీనితోటి ఫాయిదా ఏందని నేను అడిగిన. ఆయన చెప్పలె, నేను మల్ల అడగలె.

కరీంనగర్_లెక్కలు

12 వారాలు. పేపర్ చదివిండు మీ దోస్తు.

నిర్మల్_లినక్స్

ఆలస్యంగ వచ్చిన. లినక్స్ బిల్డ్ ఉంటదా? లాక్ లేదంటున్నరు కాబట్టి అడుగుతున్న, లాక్ ఉన్నయి మా కాడ సగం నడువయ్.

మెట్లబావి_స్టూడియో

బిల్డ్ ఉన్నది, కానీ తెలుగు అక్షరాలు దాంట్ల ఆగమైతున్నయ్. "లక్ష్మి" అని రాస్తే ఒత్తులు విడిపోయి పక్కకు పడ్తున్నయ్. విండోస్‌ల గూడ ఇదే కష్టముండె, అక్షరాలను బొమ్మలు చేసి పెట్టినం. లినక్స్‌ల ఆ బొమ్మల కొలతలు తప్పుతున్నయ్.

నిర్మల్_లినక్స్

బొమ్మలు పెట్టకున్రి, అప్‌డేట్‌కు అప్‌డేట్‌కు సచ్చిపోతరు. మీ గేమ్ ఇంజన్‌ల అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ ఉన్నదో లేదో ముందు సూడున్రి. గోడో అనే ఇంజన్ 4వ వెర్షన్ల ఉన్నది, ఒత్తులు వాటంతటవే కూసుంటయ్. పాత వెర్షన్ మీద ఉంటే అదే మీ రోగం.

మెట్లబావి_స్టూడియో

గోడో 3 మీద ఉన్నం.

నిర్మల్_లినక్స్

అయితే తెలుగు టెక్స్ట్ ఉన్న ఒక్క సీన్ నాకు పంపున్రి, 4లకు మార్చి సూస్త. గేమ్ మొత్తం పంపకున్రి, మీ దోస్తుకు నిద్ర పట్టదు.